ముందు మునగనివ్వండి

సైన్స్ ఫెయిర్ దగ్గర పడిందంటే స్టేషనరీ షాపుల్లో థర్మోకోల్ షీట్లు దొరకవు. నాన్న పడవ కోస్తాడు, అమ్మ రంగు కాగితం అంటిస్తుంది, అబ్బాయి రాత్రంతా బట్టీపట్టిన నాలుగు ముక్కలు పొద్దున ముఖ్య అతిథి ముందు అప్పజెప్తాడు. పడవ తేలుతుంది. ప్రైజొస్తుంది. పిల్లాడికి ఉత్ప్లవనం వచ్చేసిందని అందరూ చప్పట్లు కొడతారు.

ఏం వచ్చింది, నా మొహం! థర్మోకోల్ సాంద్రత నీటి సాంద్రతలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పడవలా కోసినా తేలుతుంది, పిడకలా కోసినా తేలుతుంది. తప్పు చెయ్యడానికే వీల్లేని పనిలో నేర్చుకునేదేముంది?

ఇనప రేకుతో చెయ్యమనండి, చూద్దాం. ఇనుము సాంద్రత నీటికి దాదాపు 7.8 రెట్లు. మేకు మునుగుతుంది, ఓడ తేలుతుంది, ఎందుకని? ఆర్కిమెడిస్ సూత్రం మన పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తారు. రేకు చేతికిచ్చి, గోడలు ఎంత ఎత్తు మడుస్తావురా అంటే మాత్రం బిక్కమొహమే.

30 సెంటీమీటర్ల చదరపు రేకు తీసుకోండి. మూలలు కొయ్యకుండా మడవడం ఎలాగో ఊళ్లో రేకుడబ్బాలు చేసేవాణ్ణి పిలిస్తే చూపిస్తాడు (మన టీచర్ ట్రైనింగులకు ఆయన్ని పిలవాలని ఎవరికీ తోచదు). 2 సెంటీమీటర్ల గోడలు పెడితే పడవలో పట్టేది 1352 ఘన సెంటీమీటర్లు. 5 పెడితే 2000. గోడ పెరిగేకొద్దీ లాభమనుకుని 10 పెట్టారో, అడుగు కుంచించుకుపోయి 1000కి పడిపోతుంది. 2000 ఘన సెంటీమీటర్ల నీళ్లను పక్కకు తోసే పడవ మొత్తం 2 కిలోలు మోస్తుంది. అందులో రేకు బరువు పోగా మిగిలిందే సరుకు. లెక్కల క్లాసూ సైన్స్ క్లాసూ ఒకే తొట్టిలో! ఆ తర్వాత ఇసుక పొయ్యనివ్వండి. ఒక పక్కకే పోస్తారు, పడవ ఒరుగుతుంది, కిందికి దిగిన అంచు మీంచి నీళ్లొస్తాయి, లెక్క చెప్పిన బరువుకు చాలా ముందే బుడుంగుమంటుంది. ఆ మునక దగ్గర పుట్టే పోట్లాట ఏ గైడు పుస్తకంలోనూ దొరకదు. తొట్టిలో బాగా ఉప్పు కలిపి, అదే పడవ అదే బరువుతో కాస్త పైకి లేవడం కూడా చూడనివ్వండి.

"సిలబస్ ఎప్పుడవుతుందండీ?" అంటారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఫీజులు పిండే యాజమాన్యాలకు ఒక తొట్టి, బస్తా ఇసుక బరువా? తొట్టి లేదంటే పోనీ, విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. బయటి ఆకారం మారకుండానే ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుని మునిగేది, గాలితో ఆ నీళ్లు వెళ్లగొట్టి లేచేది. బస్సులేసి పిల్లల్ని తీసుకెళ్తారు, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ ట్యాంకుల దగ్గర పది నిమిషాలు ఆగి, ఇదెలా మునిగేదిరా అని అడిగే టీచరుంటే ఆయన కాళ్లకు దణ్ణం పెడతాను.

మాస్టారూ, పడవ తేలిందా మునిగిందా అని చూసి మార్కులు వెయ్యకండి. నీళ్లలో పెట్టకముందే ఎంత మోస్తుందో కాగితం మీద రాయించుకోండి. కిలోన్నర అని రాసిన పడవ కిలోకే మునిగితే, ఎందుకు మునిగిందో చేసిన పిల్లే చెప్పాలి. చెప్పిందా, మార్కులన్నీ వేసెయ్యండి. మళ్లీ మడిచి తెస్తానంటే ఇంకో రేకివ్వండి.