మందు హైదరాబాద్‌లో, ముప్పు మేళ్లచెరువులో

పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఎల్-ఆస్పరాజినేజ్ లేనిదే దానికి వైద్యం సాగదు. ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆ క్యాన్సర్ కణాలు సొంతంగా సరిపడా చేసుకోలేవు, రక్తంలో దొరికినదాని మీదే బతుకుతాయి. ఈ సూదిమందు ఆ తిండి తీసేస్తుంది. చిక్కేమిటంటే, కాలేయం తయారుచేసే ప్రొటీన్లూ దాంతోపాటే తగ్గుతాయి. గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, గడ్డను అదుపుచేసే యాంటీథ్రాంబిన్ రెండూ పడిపోతాయి. దీనికి స్టెరాయిడ్లు, సెంట్రల్ లైను (పెద్ద సిరలో అమర్చే గొట్టం) తోడైతే మొగ్గు గడ్డవైపే. 1,752 మంది పిల్లల వివరాలు కలిపి 2006లో వెలువరించిన విశ్లేషణలో 5.2 శాతం మందికి రక్తం గడ్డకట్టింది, చాలావరకు తొలి విడత చికిత్సలోనే. పెద్దవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

ప్లేట్‌లెట్లు పడిపోయిన పిల్లాడికి రక్తం కారుతుందేమోనని అందరూ కనిపెట్టుకుని ఉంటారు. గడ్డకడుతుందన్న ఊహే రాదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో నిమ్స్‌లోనో సూది వేయించుకుని కోదాడ మీదుగా సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు చేరిన కుటుంబాన్నే తీసుకోండి. రెండు మూడు రోజులకు పిల్లాడికి తలనొప్పి, వాంతులు. వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించాకా తలనొప్పి వస్తుంది గనక, అదేలే అనుకుంటారు. తేడా ఉంది. వెన్ను సూది నొప్పి పడుకుంటే తగ్గుతుంది. మెదడు సిరలో గడ్డ వల్ల వచ్చేది పడుకున్నా వదలదు, ఒక్కోసారి పెరుగుతుంది. చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, చెయ్యి పట్టు తప్పినా ఇక ఆగకూడదు. కానీ ఊళ్లో ముందు దొరికేది ఆర్‌ఎంపీ. ఆయన పొడిచే డైక్లోఫెనాక్ సూది, ప్లేట్‌లెట్లు తక్కువున్న ఒంట్లో, కొత్తగా రక్తస్రావం తెచ్చిపెట్టగలదు.

ముందుజాగ్రత్తగా అందరికీ రక్తం పలచబరిచే మాత్ర ఇవ్వొచ్చుగా? 512 మంది పిల్లలపై అలాంటి మాత్ర ఎపిక్సబాన్‌ను పరీక్షిస్తే, మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రుజువు కాలేదు. ఊబకాయమున్న పిల్లల్లో మాత్రం మేలు కనబడింది. అందుకే మిగతావారి విషయంలో తొందరగా పసిగట్టడం మీదే నా పట్టు. మామూలు సీటీ స్కాన్‌లో ఈ గడ్డ దొరక్కపోవచ్చు, సిరలను చూపే వీనోగ్రామ్ కావాలి. గడ్డకు ఇచ్చే హెపారిన్ పనిచేసేది యాంటీథ్రాంబిన్ ఊతంతోనే, ఆస్పరాజినేజ్ తగ్గించిందీ దాన్నే. కాబట్టి డోసు సంగతి క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిందే.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ వైద్యఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, మంచిదే. దాంతోపాటు డిశ్చార్జి కాగితానికి ఈ ప్రమాద లక్షణాలు తెలుగులో రాసిన ఒక పేజీ, రాత్రిపూట కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? 2019లో మొదలైన సూర్యాపేట వైద్య కళాశాల ఈ పిల్లలకు తొలి మజిలీ కావాలి. ఫిట్స్‌తో ఉన్న పిల్లాడిని నేరుగా హైదరాబాద్‌కు దాదాపు 200 కిలోమీటర్ల దారి పట్టించడం వైద్యం కాదు.

గడ్డ కరిగాక ఇంకో పేచీ. ‘ఆ సూది మాకొద్దు సార్’ అంటారు తల్లిదండ్రులు. భయం సహజమే. అయితే గడ్డ అదుపులోకి వచ్చాక, హెపారిన్ అండతో చాలామందికి మళ్లీ ఆస్పరాజినేజ్ ఇవ్వగలుగుతున్నారు. మధ్యలో మానేస్తే క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈ ముక్క మొదటి సూదికి ముందే చెప్పి ఉంచాలి.