గేమ్‌లో మన సిటీ కావాలంటే చార్మినార్ ఒక్కటే చాలదు

నేను ఇప్పటివరకు షికాగో వెళ్లలేదు. కానీ అక్కడి నది మీద వంతెనలు పడవల కోసం పైకి లేస్తాయని స్కూల్ రోజుల నుంచే తెలుసు. 1999లో వచ్చిన మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్ పుణ్యం అది. వంతెన లేస్తుంటే ఆగకుండా ఫుల్ స్పీడ్‌లో వెళ్లి అవతలికి దూకేయడం, మిస్ అయితే నీళ్లలో పడటం. ఆ సిటీలో ఫేమస్ బిల్డింగ్‌లు ఏవో అప్పట్లో నాకు అస్సలు తెలీదు. రోడ్లు మాత్రం గుర్తుండిపోయాయి.

2025 సెప్టెంబర్‌లో టోక్యో గేమ్ షోలో ఫోర్జా హొరైజన్ 6 జపాన్‌లో జరుగుతుందని ప్రకటించినప్పుడు మా గేమింగ్ గ్రూప్‌లో మళ్లీ పాత ప్రశ్నే వచ్చింది: "మన ఇండియా ఎప్పుడు?" ఆ వెంటనే లిస్ట్ కూడా వచ్చేసింది. చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్, హైటెక్ సిటీ. చూడ్డానికి బాగుంది. కానీ అది టూరిస్ట్ బస్సు వాళ్ల లిస్ట్. డ్రైవింగ్ గేమ్ మ్యాప్ అలా తయారవదు.

ఫేమస్ సిటీ వేరు, ఆడే సిటీ వేరు

హొరైజన్ సిరీస్‌నే చూడండి. 2018లో నాలుగో పార్ట్ బ్రిటన్‌లో పెట్టారు. లండన్ లేదు, ఎడిన్‌బరా ఉంది. 2021లో ఐదో పార్ట్ మెక్సికోకి వెళ్లింది. మెక్సికో సిటీ లేదు, కొండల మధ్య ఉన్న పాత గనుల ఊరు గ్వానహువాటో ఉంది. దేశంలో అన్నిటికంటే పెద్ద సిటీని వదిలేసి చిన్నదాన్ని తీసుకున్నారు. ఇది కరెక్ట్ నిర్ణయమే అని నా అభిప్రాయం.

లెక్క సింపుల్. గంటకు 300 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి 83 మీటర్లు. 5 కిలోమీటర్ల సిటీ ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషంలో వచ్చే ప్రతి బిల్డింగ్, బోర్డు, దీపస్తంభం ముందే తయారు చేసి ఉండాలి, సమయానికి స్టోరేజ్ నుంచి మెమరీలోకి రావాలి. ఎడారిలో ఒక కిలోమీటర్ కట్టడానికీ, సిటీలో ఒక కిలోమీటర్ కట్టడానికీ పొంతనే ఉండదు. అందుకే పెద్ద సిటీని పెట్టాలంటే దాన్ని కుదించక తప్పదు. కుదిస్తే మిగిలేది నాలుగు ఫేమస్ బిల్డింగ్‌లు, వాటి మధ్య ఏ ఊరివో తెలియని వీధులు. 2014లో ది క్రూ ఏకంగా అమెరికా మొత్తాన్నీ ఒకే మ్యాప్‌లో పెట్టింది. ఈ తీరం నుంచి ఆ తీరానికి డ్రైవ్ చేయడం గొప్ప అనుభవమే. కానీ ఏ ఒక్క సిటీ అయినా సిటీలా అనిపించిందా? నాకైతే లేదు.

సిటీకి నేను పెట్టే టెస్ట్

మొదటిది ఎత్తుపల్లాలు. శాన్ ఫ్రాన్సిస్కో 1999 నాటి డ్రైవర్‌లో ఉంది, 2000లో మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్ 2లో ఉంది, 2011లో ఏకంగా గేమ్ పేరులోకే ఎక్కింది. ఎందుకంటే అక్కడి కొండ వీధులు ప్రతి క్రాస్‌రోడ్ దగ్గరా కాస్త చదునై మళ్లీ కిందికి జారతాయి. అంటే ఊరంతా రెడీమేడ్ జంప్‌లే. ఆ ఊళ్లో గోల్డెన్ గేట్ బ్రిడ్జ్ లేకపోయినా ఆ గేమ్స్ ఆడేవాళ్లం.

రెండోది, అంచు. మ్యాప్ ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి. రోడ్డు ముందుకు కనిపిస్తుంటే "వెనక్కి తిరగండి" అని మెసేజ్ వస్తే ఫీల్ పోతుంది. ద్వీపానికి ఆ బాధ లేదు, చుట్టూ సముద్రమే గోడ. 2006లో టెస్ట్ డ్రైవ్ అన్‌లిమిటెడ్, 2023లో ది క్రూ మోటార్‌ఫెస్ట్ రెండూ హవాయీలోని ఒవాహు ద్వీపాన్నే ఎంచుకోవడం ఊరికే కాదు. 2024లో వచ్చిన సోలార్ క్రౌన్‌కి లాంచ్‌లో సర్వర్ సమస్యలు వచ్చాయి, నిజమే. కానీ హాంకాంగ్ ద్వీపాన్ని ఎంచుకోవడంలో మాత్రం తప్పు లేదు. కింద ఇరుకు వీధులు, పైన కొండ మలుపులు, చుట్టూ నీళ్లు.

మూడోది, సిటీ నుంచి త్వరగా బయటపడే దారి. పది నిమిషాలు ట్రాఫిక్‌లో ఆడాక కొండ రోడ్డు ఎక్కాలనిపిస్తుంది.

అందుకే నా ఓటు వైజాగ్‌కి

ఈ టెస్ట్ మన సిటీలకి పెడదాం. హైదరాబాద్ ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు, టాప్ స్పీడ్ టెస్ట్‌కి పండగే. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జ్ రాత్రి లైట్లలో అదిరిపోతాయి. కానీ ఆ రింగ్ లోపల ఉన్నదంతా కట్టాలంటే? కుదరదు. కుదిస్తే పాతబస్తీ పోతుంది, లేదంటే మలుపుకో చార్మినార్ కనిపిస్తుంది.

వైజాగ్ చూడండి. ఒకవైపు సముద్రం, అంటే సగం సరిహద్దు ఫ్రీ. బీచ్ రోడ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటి, కైలాసగిరి కింద నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా తీరం వెంట రోడ్డు. ఊళ్లోనే సింహాచలం కొండ రోడ్డు. పోర్ట్ వైపు లారీలు, క్రేన్లు. ఇంకోవైపు అరకు ఘాట్, మలుపు మీద మలుపు. అసలు దూరం వంద కిలోమీటర్ల పైనే, దాన్ని కాస్త కుదించినా ఎవరూ ఫీల్ అవ్వరు. హైదరాబాద్ వాళ్లు నన్ను తిట్టుకున్నా పర్లేదు, మ్యాప్‌గా వైజాగే బెటర్.

అసలు చిక్కు ట్రాఫిక్

ఇక్కడే నా ఉత్సాహానికి నేనే బ్రేక్ వేసుకోవాల్సి వస్తోంది. చాలా గేమ్స్‌లో ట్రాఫిక్ కార్లు ముందే గీసిన లైన్ల మీద, లేన్ తప్పకుండా వెళ్తాయి. మన దగ్గర లేన్ అంటే రోడ్డు మీద పెయింట్. సందులోంచి బైక్ దూరుతుంది, చెయ్యెత్తితే ఆటో అక్కడికక్కడే ఆగుతుంది, ఎదురుగా రాంగ్ రూట్‌లో స్కూటీ వస్తుంది. ఇవన్నీ తీసేస్తే అది మన ఊరు కాదు. ఉంచితే 200 స్పీడ్‌లో సూపర్‌కార్ గుద్దేది ఎవర్ని? స్కూటర్ మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తున్న ఫ్యామిలీనా? ఆ "ఫన్" నాకొద్దు.

అంటే సిటీని ఎంచుకోవడమంటే గేమ్ ఎలా ఉండాలో ఎంచుకోవడమే. మన రోడ్లకి రేసింగ్ గేమ్ కన్నా బస్సో, లారీయో, ఆటోనో నడిపే గేమ్ నప్పుతుందేమో. దీనికి సాక్ష్యం మన ఫోన్లలోనే ఉంది. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియాలో మనోళ్లు ఆర్టీసీ బస్సు స్కిన్ వేసుకుని నడుపుతున్నారు. రోడ్డు ఇండోనేషియాది, బస్సు రంగు మాత్రం మనది. గ్రాఫిక్స్ కోసమైతే ఇంకో గేమ్ ఆడేవాళ్లు. మన రోడ్డు ఫీలింగ్ కోసమే ఇది ఆడుతున్నారు.

కాబట్టి ఈసారి ఏ డెవలపర్‌నైనా "మా సిటీ పెట్టండి" అని అడిగేటప్పుడు చార్మినార్ ఫొటో పంపకండి. మీరు రోజూ వెళ్లే ఒక రోడ్డు గురించి చెప్పండి: ఎక్కడ గేర్ మార్చాలి, ఎక్కడ హారన్ కొట్టాలి, ఏ మలుపులో ఎదురుగా బస్సు వస్తుందో. షికాగోలో ఉన్న ఓ కుర్రాడికి వైజాగ్ గుర్తుండిపోవాలంటే అలాంటి రోడ్డే కావాలి.