తొలి యంత్రం ఏది? నామఫలకాల వ్యాపారంలో నిబంధనలే కీలకం

చిన్న పట్టణంలో నామఫలకాల దుకాణం తెరవాలనుకునే వారి దృష్టి ముందుగా పది అడుగుల ఫ్లెక్సీ ముద్రణ యంత్రంపై పడుతుంది. పుట్టినరోజు శుభాకాంక్షల నుంచి ఎన్నికల ప్రచారం వరకు వీధుల్లో కనిపించేదంతా దాని సరకే. అయితే అప్పు చేసి కొనే తొలి యంత్రంగా అది తగినదేనా అన్నది ఇప్పుడు ఆలోచించాల్సిన ప్రశ్న.

కేరళ 2019లోనే పీవీసీ ఫ్లెక్సీలను నిషేధించింది. 100 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లపై కేంద్రం విధించిన నిషేధం 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించి, ఆ తర్వాత గడువును 2023 జనవరి 26కు పొడిగించింది. క్షేత్రస్థాయిలో అమలు ఎలా ఉన్నా, బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగవు. ఫ్లెక్సీ కోసం కొన్న సాల్వెంట్ యంత్రం మామూలు నూలుగుడ్డపై అదే నాణ్యతతో ముద్రించలేదు.

మరోవైపు, శాశ్వత ఫలకాలకు గిరాకీని పెంచే నిబంధనలూ వస్తున్నాయి. దుకాణాల ఫలకాల్లో 60 శాతం కన్నడం ఉండాలని కర్ణాటక 2024లో చట్ట సవరణ చేసింది. మరాఠీ ఫలకాల ఏర్పాటుకు ముంబయి వ్యాపారులకు సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో రెండు నెలల గడువు ఇచ్చింది. ఇలాంటి బోర్డులకు కావలసింది ఏళ్ల తరబడి నిలిచే అక్షరం. నాలుగు రోజులకు చిరిగే బ్యానర్ కాదు.

ఈ పనికి రెండడుగుల కటింగ్ ప్లాటర్ చాలు. వాడుకలో ‘రేడియం కటింగ్’ అని పిలిచే పని దీనిదే. వినైల్ పొరను అక్షరాల ఆకారంలో కోసి ఏసీపీ పలకలు, గాజు తలుపులు, వాహనాలపై అతికిస్తారు. సిరా అవసరం లేదు. అరిగే భాగాల్లో ముఖ్యమైనది బ్లేడు. ముద్రణ యంత్రం అలా కాదు. కొన్ని రోజులు పని లేకపోతే సిరా గడ్డకట్టి హెడ్ రంధ్రాలు మూసుకుపోతాయి. హెడ్ మార్చడం ఖరీదైన వ్యవహారం.

తెలుగు అక్షరాలతో మరో చిక్కు ఉంది. చాలా ఫాంట్లలో తలకట్టు, గుణింతపు గుర్తు, ఒత్తు విడి ముక్కలుగా వచ్చి ఒకదానిపై ఒకటి పడతాయి. ముద్రణలో ఇది కంటికి కనబడదు. ప్లాటర్ బ్లేడు మాత్రం ప్రతి గీతనూ అనుసరించి, అక్షరం మధ్యలోనూ కోసేస్తుంది. కోతకు ముందు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కలను ‘వెల్డ్’ చేసి ఒకే రూపంగా కలపాలి. ఈ నైపుణ్యం లేకుంటే ఎంత మంచి యంత్రమైనా వినైల్‌ను వృథా చేస్తుంది.

పెట్టుబడి విషయానికొస్తే, ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) కింద తయారీ యూనిట్లకు 50 లక్షల రూపాయలు, సేవా యూనిట్లకు 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు వ్యయాన్ని అనుమతిస్తారు. వర్గం, ప్రాంతాన్ని బట్టి రాయితీ 15 నుంచి 35 శాతం. అయితే ఆ సొమ్ము మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నట్లు తేలాకే రుణంలో సర్దుబాటవుతుంది. రాయితీని చూసి పెద్ద యంత్రం కొన్నవారు ఆ మూడేళ్లూ దానికి పని చూపగలగాలి.

ప్లాటర్‌కు పరిమితులు లేకపోలేదు. ఛాయాచిత్రాలు, రంగుల ఛాయలు దానితో సాధ్యం కావు. ఆ పనులను తొలి దశలో సమీప నగరంలోని ముద్రణాలయానికి అప్పగించి, అందులో కొంత లాభం నిలుపుకోవచ్చు. ఇలా బయటకు వెళ్లే పనిని ఆరు నెలలు చదరపు అడుగుల్లో నమోదు చేస్తే, సొంత ముద్రణ యంత్రం అవసరమో కాదో ఆ లెక్కే చెబుతుంది. అవసరమని తేలితే ఎకో సాల్వెంట్ యంత్రం, దానికి తోడు కోల్డ్ లామినేషన్ తదుపరి మెట్టు అవుతాయి. రాజకీయ పార్టీల నుంచి ఏడాది పొడవునా ఖాయమైన ఆర్డర్లున్న వారికి ఫ్లెక్సీ యంత్రం నేటికీ లాభసాటి కావచ్చు. ఆ భరోసా లేని కొత్తవారికి మాత్రం చిన్న యంత్రంతో మొదలుపెట్టడమే క్షేమం.