కొలిచి ఇచ్చిన కరెంటుతో రేసు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగితే ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నాం. 2024లో రావాల్సిన రెండో రేసు రద్దయ్యాక డబ్బు చెల్లింపుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ కార్ల ఊసు ఎవరూ ఎత్తరు. గిద్దలూరులో లారీలు బాగుచేసే నాకు అదే బాధ.

ఆ రేసులో అందరికీ ఒకటే ఛాసిస్, ఒకటే బ్యాటరీ, అవే హాంకుక్ టైర్లు. రేసులో మోటారు శక్తి 300 కిలోవాట్లు, కాసేపు అదనపు శక్తి ఇచ్చే అటాక్ మోడ్‌లో 350. అంతకు మించకూడదు. డ్రైవరు సెబాస్టియన్ బ్యూమి ఆ రోజు మూడోవాడిగా గీత దాటినా, శక్తి పరిమితి మీరాడని శిక్ష వేసి ఆ స్థానం మరో డ్రైవరు డా కోస్టాకు ఇచ్చారు. ఇన్ని కట్టుబాట్లుంటే ఇక ఇంజనీరుకు పనేముందంటారు. ఎవరికి వారే చేసుకునే వెనక మోటారు, ఇన్వర్టర్, గేర్‌బాక్స్, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. కంపెనీల బుర్రంతా అక్కడే.

పైగా రేసు మొత్తానికి కొలిచి ఇచ్చిన కరెంటుతో మొదటి నుంచి చివరిదాకా తొక్కిపట్టి నడపడం కుదరదు. అందుకే పనితనం బ్రేకులోకి చేరింది. నంద్యాల ఘాట్‌లో దిగువమెట్ట వైపు లోడుతో దిగే డ్రైవరు, తెలిసినవాడైతే, తక్కువ గేరులో ఇంజన్ బ్రేక్ మీద దింపుతాడు. తెలియనివాడి బండి లైనర్లు మాడిన వాసనతో నా షెడ్డుకు వస్తుంది. ఎలా దింపినా దిగే బండి శక్తంతా వేడై గాలిలో కలిసిపోవాల్సిందే. ఆ రేసుకారులో మాత్రం బ్రేకు వేయగానే ముందూ వెనకా మోటార్లు జనరేటర్లుగా మారి 600 కిలోవాట్ల వరకు బ్యాటరీలోకి తోడతాయి. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా వచ్చిందేనని నిర్వాహకులు చెబుతారు. ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో మిగిలిన కరెంటును పొదుపు చేసుకుంటూనే నిక్ కాసిడీని వెనకే ఆపాడు.

బ్యాటరీ ఎంత కావాలంటే అంత పెట్టుకోనిస్తే ఈ తెలివి ఎవరికీ అక్కర్లేదు. తర్వాతి తరం కార్లకు 600 కిలోవాట్ల శక్తి ఇస్తున్నారు. ఇవ్వనీ. రేసు మొత్తానికి ఇచ్చే కరెంటు కొలత మాత్రం సడలించకూడదు. ఘాట్ దిగే రేపటి కరెంటు లారీకి పనికొచ్చే విద్య పుట్టేది ఆ బిగింపులోనే.

రేసు మళ్లీ తేవాలనుకుంటే ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒకటే. ఒప్పందంలో టికెట్ల పక్కన ఇంకో షరతు రాయించండి: రేసు ముగిసిన మర్నాడు ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలను గ్యారేజీల్లోకి పంపి, ఆ ఇన్వర్టర్ ఏం చేస్తుందో దాన్ని చేసినవాళ్ల చేతే చెప్పించాలి.