సీట్లు ఓట్ల లెక్కన పంచాలి! జాబితాలో పేర్లు మనమే ఎంచాలి!



2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు పడ్డాయి. వచ్చిన సీట్లు 23. 2024లో వైసీపీకీ దాదాపు అదే 39 శాతం. సీట్లు 11! మొత్తం 175 సీట్లనూ ఓట్ల దామాషాలో పంచి ఉంటే అప్పుడు వారికి, ఇప్పుడు వీరికి 68 దాకా దక్కేవి. పార్టీల సంగతి అలా ఉంచండి. పదిమందిలో నలుగురు వేసిన ఓటు ఏమైపోయినట్టు?

దామాషా పద్ధతి కావాలని అందుకే అడుగుతున్నాం. లోక్‌సభ సీట్లను నాలుగో వంతు పెంచి, పెంచినవాటిని ఓట్ల శాతాన్ని బట్టి పార్టీ జాబితాల నుంచి నింపాలని లా కమిషన్ 1999లోనే చెప్పింది. ఇన్ని ప్రభుత్వాలు మారినా అది జరగలేదు.

అయితే ఆ జాబితా ఎవరు రాస్తారు? అసలు పేచీ ఇక్కడే. దక్షిణాఫ్రికాలో 1994 నుంచి పేర్లూ, వాటి వరుసా పార్టీలవే. ఓటరు పార్టీకి గుర్తు పెట్టి రావడమే. స్వతంత్రులకు దారి లేకపోవడం చెల్లదని 2020లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చాకే, 2024లో వారు బరిలోకి దిగగలిగారు.

మన దగ్గర బీ ఫారం ఇప్పటికే అధినేత చేతిలో ఉంది. విప్ ధిక్కరిస్తే పదవి ఊడుతుంది (స్పీకరు గారికి తీరిక దొరికితే!). దీనికి తోడు దక్షిణాఫ్రికాలోలా పార్టీయే వరుస తేల్చే మూసిన జాబితా కూడా వస్తే, ఐదేళ్లకోసారి మన గడప తొక్కే పని కూడా తప్పుతుంది నాయకులకి. కోట్లు కుమ్మరించినవాడి పేరు పైన, జెండా మోసినవాడి పేరు అడుగున!

శ్రీలంకలో ఓటరు పార్టీకి ఓటేసి, దాని అభ్యర్థుల్లో నచ్చిన ముగ్గురి దాకా ఎంచుకోవచ్చు. మనకు కావలసింది అదే. అక్కడ కూడా 29 సీట్లు మాత్రం పార్టీలు నింపుకుంటాయి. 2020లో ఓడిన రణిల్ విక్రమసింఘే ఆ దారినే సభలోకొచ్చి 2022లో అధ్యక్షుడయ్యారు. ఆ దొడ్డిదారి మనకొద్దు.

పల్లె జనానికి ఇవన్నీ అర్థమవుతాయా అంటారు కొందరు పెద్దలు. సర్పంచికొకటి, వార్డు మెంబరుకొకటి, రెండు బ్యాలెట్లూ తడబడకుండా వేస్తున్నది ఎవరండీ?

ఓట్లడగ వచ్చిన ప్రతి అభ్యర్థినీ నిలబెట్టి అడగండి: దామాషాకు ఒప్పుకుంటారా? జాబితాలో ఎవరు ముందో తేల్చే హక్కు ఓటరుకు వదిలేస్తారా? మొదటిదానికి తలూపి రెండోదానికి నసిగేవారిని వదలొద్దు. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. చట్టం మారాల్సింది పార్లమెంటులో కాబట్టి మీ ఎంపీకి ఉత్తరం రాయండి.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు బస్టాండు దగ్గర సంతకాలు సేకరిస్తున్నాం. ఏ పార్టీ వారైనా రావచ్చు, కండువాలు మాత్రం ఇంట్లో పెట్టి రండి.

ఇట్లు,
మీ తోటి ఓటర్లు