అభిమానానికి కొలమానం

కొత్త చలనచిత్రం విడుదలైన నాడు తిరువూరు వంటి పట్టణాలలో కనిపించే సందడి అందరికీ తెలిసినదే. నిలువెత్తు కటౌట్లు, పూలదండలు, బాణసంచా! ఆ ఉత్సాహాన్ని తప్పుపట్టనక్కరలేదు. కాని మరునాటికి దండలు వాడిపోతాయి. అభిమానం వల్ల ఆ కళకు ఏమి మిగిలిందన్నదే ఆలోచించవలసిన ప్రశ్న.

విజ్ఞాన కల్పనా ధారావాహికల అభిమానులు ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చెప్పారు. అమెరికా టెలివిజన్‌లో 1966లో 'స్టార్ ట్రెక్' ప్రారంభమైంది. మరుసటి ఏడాదే అభిమానులు 'స్పాకనేలియా' అనే పత్రికను సొంతంగా వెలువరించి, ఆ పాత్రలను గురించి తమ రచనలు ప్రచురించుకొన్నారు. ధారావాహిక ఆగిపోనున్నదని తెలిసి ఉత్తరాల ఉద్యమం నడిపారు. అది 1969లో ముగిసినా వారి ఆసక్తి చల్లారలేదు. 1979లో అదే కథాలోకం వెండితెర కెక్కింది. బ్రిటన్‌లో 1963లో మొదలైన 'డాక్టర్ హూ' తొలినాటి భాగాలు అనేకం బి.బి.సి. వద్ద చెరిగిపోయాయి. అయితే నాటి ప్రేక్షకులు ఇళ్లలో టేపురికార్డర్లపై ధ్వనిని భద్రపరచినందువల్ల ఆ భాగాలను నేటికీ వినగలుగుతున్నారు. యజమాని పారవేసిన దానిని అభిమాని దాచిపెట్టాడు.

తెలుగువారికీ ఇటువంటి అనుభవం ఉన్నది. 1947 జూలైలో మద్రాసులో వెలసిన 'చందమామ' 1954లో 'తోకచుక్క' ధారావాహికను ప్రారంభించింది. ఆ పిమ్మట వచ్చిన 'మకరదేవత' వంటివీ విజ్ఞాన కల్పనలు కావు, జానపద అద్భుతగాథలు. అయినా పాఠకుల తహతహ ఒక్కటే. సంచికలను బైండు చేయించి దాచుకొన్న కుటుంబాలెన్నో! ఆ కథలపై రచయిత పేరు ఉండేది కాదు. వాటిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం అని లోకానికి చాటినదీ, అవి పుస్తకాలుగా మళ్లీ వెలువడేందుకు తోడ్పడినదీ అభిమానులే. పత్రిక నిలిచిపోయినా కథలు నిలవడానికి ఆ పాత సంచికలే ఆధారమయ్యాయి.

ఒకరి పాత్రలతో మరొకరు కథ అల్లడం అనుకరణ కాదా అని కొందరి ఆక్షేపణ. శశిరేఖా పరిణయ గాథ వ్యాసభారతంలో లేదు. జనం భారత పాత్రలపై మక్కువతో అల్లుకొన్న ఆ కథే 1957లో 'మాయాబజార్' అయింది. అనుకరణతో మొదలైనా చేయి తిరిగాక సొంత కల్పన పుడుతుంది. అయితే ఆధునిక రచనల విషయంలో ఒక హద్దు తప్పదు. భారతీయ చట్టం ప్రకారం రచయిత జీవితకాలమూ, ఆ తరువాత 60 సంవత్సరాలూ రచనపై హక్కు ఉంటుంది. కనుక మూలకర్త పేరు మరుగుపరచడం, అనుమతి లేకుండా అమ్ముకోవడం అభిమానం అనిపించుకోవు.

నచ్చిన కథను పదిలపరచడానికీ, దానిపై నాలుగు పుటలు వ్రాయడానికీ, ఒక బొమ్మ గీయడానికీ పెద్ద నగరం అవసరం లేదు. తిరువూరులోని విద్యార్థికైనా ఒక నోటుపుస్తకం చాలు. కేకలతో తీరిపోయే అభిమానం ఒక్కనాటిది. చేతులకు పని కల్పించే అభిమానం తరువాతి తరానికి ఆస్తి అవుతుంది.