సర్వర్ డౌనా, వైరు లూజా?

గొలుగొండ నుంచో నాతవరం నుంచో పని వదులుకుని, బస్సెక్కి నర్సీపట్నం వచ్చిన మనిషికి ప్రభుత్వాఫీసు కౌంటర్ దగ్గర ‘సర్వర్ డౌనండీ, రేపు రండి’ అంటే వెనుదిరగడం తప్ప దారి లేదు. ఈ మాట రాష్ట్రంలో ఏ ఊళ్లోనైనా వినబడేదే. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ ఎక్కడో ఉన్న సర్వర్‌ను తిట్టేముందు బల్ల కింద వైరును చూసేవాళ్లు అరుదు.

ఆఫీసులోని కంప్యూటర్లను కలిపే వ్యవస్థ ఈథర్నెట్. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ దీన్ని ప్రతిపాదించాడు. హవాయి దీవుల ‘అలోహా’ రేడియో నెట్‌వర్క్ ఆయనకు ప్రేరణ. మొదట్లో అందరికీ ఒకటే వైరు. రచ్చబండ దగ్గర ఇద్దరు ఒకేసారి నోరు విప్పినట్టు సంకేతాలు ఢీకొంటే, రెండు యంత్రాలూ ఆగి, తలో కాసేపు వేచి, మళ్లీ పంపేవి. ఇప్పుడా గొడవ లేదు. సమాచారం 1500 బైట్లకు మించని ముక్కలుగా వెళ్తుంది. ప్రతి ముక్క మీదా పంపినవారి, అందుకోవాల్సినవారి 48 బిట్ల చిరునామాలుంటాయి. వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టె, ఏ చిరునామా తన ఏ పోర్టులో ఉందో గుర్తుపెట్టుకుని అక్కడికే పంపుతుంది.

ఇంత తెలివైన ఏర్పాటును చెడగొట్టడానికి చవక వైరు చాలు.

ఈథర్నెట్ కేబుల్‌లో మెలితిప్పిన నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. క్రింపింగ్, అంటే కొసన ప్లగ్గు బిగింపు, సరిగా లేక ఒక్క తీగ వదులైతే కంప్యూటర్లలోని చాలా నెట్‌వర్క్ కార్డులు చడీచప్పుడు లేకుండా 100 మెగాబిట్లకు దిగిపోతాయి. పైకి లైటు వెలుగుతూనే ఉంటుంది! రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి పేరుతో అంటగట్టడం ఇంకో మాయ. అన్నిటికన్నా చిత్రం, ఒకే వైరు రెండు కొసలనూ పొరపాటున ఒకే స్విచ్‌లో పెడితే ఆఫీసు మొత్తం స్తంభించవచ్చు. దీనికి కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ 1985లోనే విరుగుడు కనిపెట్టింది. చవక స్విచ్‌లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు.

ఊరూరికీ ఇంటర్నెట్ అందించే ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న సాక్షాత్తూ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ ఊరూరా పాకింది. గోడ లోపలి చివరి ముప్పై మీటర్లకు మాత్రం ప్రారంభోత్సవాలుండవు, పట్టించుకునే నాథుడూ ఉండడు. ఆ పని ఎవరో ఒక ఎలక్ట్రీషియన్ నెత్తిన పడుతుంది.

అందుకే ఆఫీసు వైరింగ్ టెండర్లలో అసలైన రాగి కేబుల్ అని స్పష్టంగా రాయాలి. ప్రతి పోర్టుకూ పేరు అంటించాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే టెస్టర్‌తో ప్రతి వైరునూ పరీక్షించాకే కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించాలి.